కాక్లియా

గ్రీకులో ‘కోఖ్లియాస్’ అంటే నత్త. మెలి తిరిగిన మరకూ అదే పేరు. లాటిన్‌లో ‘కాక్లియా’ అయింది. నీళ్లు తోడే ఆర్కిమెడీస్ మరను రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఈ మాటతోనే వర్ణించాడు. 16వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు ఫలోపియో ఆ పేరును లోపలి చెవిలోని మెలి తిరిగిన భాగానికి పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో అది కర్ణావర్తం. చక్కని మాట, కానీ ఆరోగ్యశ్రీ కింద బిడ్డకు ఆపరేషన్ చేయించిన తల్లి నోట వినిపించేది ‘కాక్లియర్’ అనే.

బఠాణీ గింజంత చోటులో రెండున్నరకు పైగా చుట్లు. మొదట్లో కీచు స్వరాలు, కొసకు వెళ్లేకొద్దీ మంద్ర స్వరాలు పలుకుతాయి. వినికిడి కోసం ఆపరేషన్‌లో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ తీగ ఈ మెలికల్లోనే దూరాలి. చుట్ల పొడవు మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి సీటీ స్కాన్‌లో కొలిచి, సరిపోయే తీగను ఎంచుకోవచ్చు. ఎముక గూడు అందులో కనిపిస్తుంది. లోపలి పల్చని పొర కనిపించదు. తీగ కొస దాన్ని చీలిస్తే మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు. అందుకే మరణానంతరం దానంగా వచ్చిన చెవి ఎముకలను పరిశోధకులు మైక్రో సీటీతో మైక్రాన్ల స్థాయిలో చిత్రిస్తున్నారు.