కొప్పు, జడ, కత్తెర



కొంచెం పెద్ద పోస్టు ఇది, ఓపికగా చదవండి. భూమి చట్టాల గురించి, పోరాటాల గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఈసారి తల వెంట్రుకల గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఇందులోనూ చరిత్ర ఉంది.

మా హాస్టల్ గదిలో ఎనిమిది మందిమి. కోయ, కొండరెడ్డి, లంబాడా, గోండు, తలా ఒక దిక్కు నుంచి వచ్చాం. గదికి ఒకటే అద్దం. పొద్దున టిఫిన్ గంట కొట్టేలోపు ఎనిమిది తలలు దువ్వాలి. అందుకే అద్దం లేకుండా తల ముడుచుకోవటం మాకు మొదటి నెలలోనే వచ్చేసింది. నిజం చెప్పాలంటే కొత్తగా రాలేదు, మా అమ్మలు, అమ్మమ్మలు చేసేదే చేతులకి గుర్తొచ్చింది.

పోయిన జూలైలో మా గదిలో ఒకమ్మాయి చెల్లెలు ఆరో తరగతికి ఇంకో హాస్టల్‌లో చేరింది. పది రోజులకే ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, తలలో పేలున్నాయని శనివారం అందరికీ జుట్టు కత్తిరిస్తారంట." ఫోన్ పెట్టేశాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే మా ఎనిమిది మందిలో ఐదుగురికి చిన్నప్పుడు అదే జరిగింది. ఆ రాత్రి మొదలైన మాటలే ఈ పోస్టు.

ముందు కొప్పు సంగతి

అమ్మమ్మలు కొప్పు ఎట్లా వేస్తారో గమనించారా? పిన్ను లేదు, రబ్బరు బ్యాండు లేదు. జుట్టంతా వేళ్లతోనే వెనక్కి లాగి, మెడ మీద పట్టుకుని, తాడులాగా మెలితిప్పి, ఎడమ చేతి రెండు వేళ్ల చుట్టూ చుడతారు. చివరి కొసని ఆ చుట్ట మధ్యలోంచి దూర్చి లాగుతారు. అంతే. అర నిమిషం పట్టదు. పొద్దున వేస్తే సాయంత్రం దాకా జారదు.

అది అందం కోసమే అనుకునేవాళ్లం. ఒకామె నానమ్మని అడిగితే వేరే మాట చెప్పింది. నెత్తిన కట్టెల మోపు పెట్టాలన్నా, నీళ్ల కుండ పెట్టాలన్నా నడినెత్తి ఖాళీగా ఉండాలి. గుడ్డ చుట్ట అక్కడే కూర్చుంటుంది. అందుకని కొప్పు కిందికి, మెడ మీదికి, లేకపోతే ఒక పక్కకి పోతుంది. ఇప్పపువ్వు ఏరేటప్పుడు వంగితే జడ ముందుకు పడుతుంది, ముళ్ల కంపలో చిక్కుకుంటుంది. కొప్పుకి ఆ బాధ లేదు. మన పనే మన కొప్పుకి చోటు చూపించింది.

మాటల్లోనూ చరిత్ర ఉంది. 'జడ' అనే మాట సంస్కృతంలోని 'జటా' నుంచి వచ్చింది. 'వేణి' కూడా సంస్కృతమే. 'కొప్పు' మాత్రం ఇక్కడి మాట. జుట్టున్నమ్మ ఏ కొప్పు వేసినా అందమే అని సామెత. ఆ సామెతలో కూడా జడ లేదు, కొప్పే ఉంది చూడండి.

ఇక ఎంత పాతది అంటారా? మొహెంజొదారోలో 1926లో దొరికిన కంచు బొమ్మ అందరం సాంఘిక శాస్త్రంలో చదివిందే. చేతి నిండా గాజులు, నడుము మీద చెయ్యి. బొమ్మ ఎత్తు పది సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ. పరీక్షలో 'నాట్యగత్తె' అని రాసి మార్కు తెచ్చుకున్నాం గానీ ఆమె జుట్టు చూడలేదు. వెనక్కి దువ్వి, మెడ మీద ఒక పక్కకి ముడి వేసి ఉంటుంది. నాలుగు వేల ఏళ్లు దాటిన బొమ్మ. ఆమె మా తెగ మనిషే అని లాక్కోవటం మా ఉద్దేశం కాదు. ఆ ముడి ఈ నేల మీద చాలా పాతది అని మాత్రం చెప్పుకోవచ్చు.

అందరిదీ ఒకటే తల కాదు

సినిమాల్లో ఆదివాసీ అమ్మాయి అంటే పక్క కొప్పు, అందులో పెద్ద పువ్వు. ఎవరిని చూపించినా అదే. కానీ మా ఒక్క గదిలోనే నాలుగు తీర్లున్నాయి.

లంబాడా అమ్మాయి వాళ్ల నానమ్మకి రెండు చెంపల పక్కన జుట్టు పాయలకి వెండి టోప్లీలు వేలాడేవట. నడిస్తే చప్పుడు. ఆ టోప్లీ, ఘుగ్రీ చూసే పెళ్లయిన మనిషని తెలుసుకునేవాళ్లు. జుట్టే అక్కడ మంగళసూత్రం లాంటిది.

బస్తర్‌లో మురియా గోండుల దగ్గర ఇంకో ముచ్చట ఉంది. వెరియర్ ఎల్విన్ 1947లో వాళ్ల ఘోటుల్ గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో దువ్వెనల గురించి చాలా ఉంది. అబ్బాయిలు దువ్వెన చెక్కి, దాని మీద గీతలు గీసి, ఇష్టమైన అమ్మాయికి ఇచ్చేవాళ్లు. ఆమె దాన్ని జుట్టులో పెట్టుకునేది. ఎన్ని దువ్వెనలుంటే అంత గొప్ప. దువ్వెన అక్కడ తల దువ్వటానికే కాదు, ఉత్తరం కూడా అదే.

ఇక మన సీలేరు అవతల, ఒడిశా మల్కన్‌గిరి కొండల్లో బోండాలున్నారు. ఆ ఆడవాళ్లు తల నున్నగా గొరిగించుకుంటారు. తలకి పట్టీలు, పూసల దండలు చుట్టుకుంటారు. సీతమ్మ స్నానం చేస్తుంటే చూసి నవ్వారని, ఆమె శాపం పెట్టిందని వాళ్లలో కథ చెప్తారు. కాబట్టి పొడుగు జుట్టు ఉంటేనే ఆదివాసీ అనే రూలు ఎక్కడా లేదు. ఎవరి తల ఎట్లా ఉండాలో వాళ్ల జాతి, వాళ్ల ఊరు, వాళ్ల ఇష్టం చెప్పింది. బయటివాళ్లు చెప్పలేదు.

మొక్కుకీ అంతే. మేడారం జాతరలో జంపన్న వాగు దగ్గర తలనీలాలు ఇస్తాం. మనమే ఇచ్చిన జుట్టుకి బాధ లేదు. తల్లికి ఇచ్చాం అనే తృప్తి ఉంటుంది. పోయిన జుట్టు అంతే పొడుగు కావచ్చు, కానీ ఇవ్వటం వేరు, తీసుకోవటం వేరు.

మగవాళ్ల సంగతి మర్చిపోవద్దు. ఒకప్పుడు మన తాతలకీ జుట్టు ముడి ఉండేది, తెలుగు ఊళ్లలో చాలామంది మగవాళ్లకీ ఉండేది. ఇంగ్లీషువాళ్ల కాలంలో 'క్రాపు' వచ్చింది. మాట కూడా వాళ్లదే, కత్తిరించటం అని అర్థం. బడికి, కచేరీకి పోయేవాళ్లు ముందు మార్చుకున్నారు, తర్వాత అందరూ. చదువుకున్నవాడంటే క్రాపున్నవాడు అనే ఆలోచన అట్లా పాతుకుపోయింది.

కొలిచినవాళ్లు, ఫొటో తీసినవాళ్లు

మన పెద్దల జుట్టు గురించి కాగితం మీద రాసింది ఎక్కువగా బయటివాళ్లే. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశ కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. ఆయన పరికరాలు పెట్టి మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. తర్వాత హైమెన్‌డార్ఫ్ దొర నైజాం రాజ్యంలో తిరిగి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, గోండుల మీద 1948లో పుస్తకాలు తెచ్చాడు. ఆయన మన మనుషులతో కలిసి ఉన్నాడు, మార్లవాయిలో ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. ఆ పుస్తకాలు లేకపోతే మనకి ఇన్ని ఫొటోలు మిగిలేవి కావు. ఆ మేలు ఒప్పుకోవాలి.

కానీ పాత పుస్తకాల్లో ఫొటోల కింద చూడండి. చాలాచోట్ల తెగ పేరు ఒక్కటే. మనిషి పేరు లేదు. ఆమె కొప్పు కనిపిస్తుంది, ఆ కొప్పు ఎవరు నేర్పారో కనిపించదు.

కత్తెర చరిత్ర

శనివారం జుట్టు కత్తిరింపు గురించి మాట్లాడుకుంటూ మాలో చరిత్ర చదివే అమ్మాయి అమెరికా సంగతి చెప్పింది. అక్కడి ఆదివాసీ పిల్లల కోసం 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట పాత సైనిక బ్యారక్‌లలో బోర్డింగ్ స్కూలు పెట్టారు. పెట్టింది రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి. పిల్లలు రాగానే మొదటి పని జడలు కత్తిరించటం. తర్వాత సొంత బట్టలు తీసేయటం, పేరు మార్చటం, సొంత భాష మాన్పించటం. అలాంటి స్కూళ్లు చాలా వచ్చాయి.

జిట్‌కాలా-షా అనే సూ జాతి రచయిత్రి ఇండియానాలో అలాంటి బడిలోనే చదివింది. 1900లో ఆ అనుభవం రాసింది. జుట్టు కత్తిరిస్తారని తెలిసి ఎనిమిదేళ్ల పిల్ల మంచం కింద దాక్కుంది. లాగి, కుర్చీకి కట్టేసి కత్తిరించారు. వాళ్లలో చావు జరిగినప్పుడు జుట్టు కురచ చేసుకుంటారు, పిరికివాళ్లకి కత్తిరిస్తారు. అంటే ఆ పిల్ల ఏ తప్పూ చేయకుండానే పిరికిదానిలాగా నిలబడాల్సి వచ్చింది.

మన హాస్టళ్లు అవే అని మేము అనటం లేదు. తేడా ఉంది. అక్కడ ఉద్దేశమే జాతిని మాపేయటం. ఇక్కడ కారణం పేలు, నీళ్లు, టైము. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే, ఆ మెట్లు హాస్టల్ అన్నం వల్లనే ఎక్కాం. రెండు వందల మంది పిల్లలకి నాలుగు కుళాయిలున్న చోట పనిచేసే మేడమ్ కష్టం కూడా మాకు తెలుసు. పేలు అబద్ధం కాదు.

అయినా పదేళ్ల పిల్లకి ఆ తేడా తెలియదు. ఊరి నుంచి తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, అమ్మ వేసిన జడ. జడ నేల మీద పడితే ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలో తెలియదు. మాలో ఒకామె దసరా సెలవులకి ఇంటికి పోతే వాళ్లమ్మ ముందు భయపడింది. జ్వరం వచ్చి జుట్టు తీయించారేమో అని. "ఎవర్ని అడిగి కత్తిరించారు?" అన్న ఆ అమ్మ ప్రశ్న ఇంకా మా గదిలో ఉంది.

మన కుంకుడుకాయ ఎక్కడికి పోయింది

పేలు, మురికి అంటే ఇంకో చరిత్ర గుర్తొస్తుంది. కుంకుడుకాయ, శీకాయ మన అడవి సరుకు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ మొదలయ్యాక తేనె, చింతపండు, బంకతో పాటు ఇవీ కొనటం మొదలైంది. అమ్మలు ఏరి, ఎండబెట్టి, సంతకి మోసుకుపోయి అమ్ముతారు. అవే పొడిగా మారి పట్నంలో మంచి ధరకి దొరుకుతాయి.

మనం మాత్రం ప్యాకెట్ షాంపూకి వచ్చాం. తమిళనాడు కడలూరులో 1983లో చిక్ షాంపూ మొదలైంది. చిన్న సాచెట్లతో ఊరూరికీ పోయింది. 'షాంపూ' మాట కూడా మన దేశం నుంచి పోయిందే. తల, ఒళ్లు పిసికి మర్దన చేయటాన్ని హిందీలో 'చాంపో' అనేవాళ్లు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లాండులో బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఆ మాటని అక్కడ ప్రచారం చేశాడు. మన మాట సముద్రం దాటి పోయి, ప్యాకెట్‌లో తిరిగి వచ్చింది. ప్యాకెట్ వాడటం తప్పు కాదు, మేమూ వాడతాం. కాయ మనది అనే సంగతి మర్చిపోతేనే బాధ.

ఆ శనివారం ఏమైంది

శుక్రవారం మా గదిలో ముగ్గురం బస్సెక్కి పోయాం. గొడవ పెట్టుకోలేదు. "మేడమ్, మూడు వారాలు టైము ఇవ్వండి. పేలు పోకపోతే మీ ఇష్టం" అని అడిగాం. ఆమె కాసేపు ఆలోచించి సరే అన్నది.

చేసింది ఇంతే. తల బాగా తడిపి, నూనె పట్టించి, సన్న పళ్ల పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి కొసదాకా పాయ పాయగా దువ్వటం. ప్రతిసారీ దువ్వెనని తెల్ల గుడ్డ మీద తుడిచి చూడటం. పేను గుడ్డు, అంటే ఈపి, వారం పది రోజుల్లో పగులుతుంది. అందుకే ఒక్కసారి దువ్వితే చాలదు. మూడు రోజులకోసారి మూడు వారాలు దువ్వాలి. ఒకరి దువ్వెన ఇంకొకరు వాడొద్దు. గదిలో అందరూ ఒకేసారి చేయాలి, లేకపోతే పక్క తల నుంచి మళ్లీ వస్తాయి. ఆదివారాలు మేము పోయాం, మధ్యలో పెద్ద క్లాసు పిల్లలు ఒకరికొకరు చేసుకున్నారు.

తల కట్టుకునే పద్ధతులు కూడా నేర్పించాం. బడికి మామూలు రెండు జడలు, మడిచి రిబ్బను. చదువుకునేటప్పుడు, పనిచేసేటప్పుడు అమ్మమ్మ కొప్పు. పడుకునేటప్పుడు వదులుగా ఒక జడ, అప్పుడు చిక్కు పడదు, పక్కవాళ్ల దిండు మీద పరుచుకోదు. తడి జుట్టుని గట్టిగా ముడి వేయొద్దు, తడిలో వెంట్రుక తొందరగా తెగుతుంది. రోజూ నుదుటి దగ్గర బిగలాగి కట్టినా అక్కడ జుట్టు పలచబడుతుంది.

మూడు వారాలకి ఆ గదిలో పదకొండు మంది జుట్టు మిగిలింది. ఇద్దరు పిల్లలు మాత్రం "మాకు కురచగానే బాగుంటుంది" అని వాళ్లే కత్తిరించుకున్నారు. అదీ మంచిదే, వాళ్లని అడిగారు కాబట్టి.

చివరగా మాకో కోరిక. ఈ సెలవులకి ఊరికి పోయినప్పుడు మీ అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి, కొప్పు ఎట్లా వేస్తుందో నెమ్మదిగా ఒక వీడియో తీయండి. మీ భాషలో ఆ ముడిని ఏమంటారో, దువ్వెనని ఏమంటారో అడిగి ఇక్కడ రాయండి. ఆమె ఒప్పుకుంటేనే ఫొటో పెట్టండి. పెడితే కింద తెగ పేరొక్కటే కాదు, ఆమె పేరు కూడా రాయండి.

చెల్లెలు నిన్న ఫోన్ చేసింది. ఈసారి ఏడవలేదు. పక్క మంచం పిల్లకి కొప్పు వేయటం నేర్పిందంట, అద్దం లేకుండా.

జోహార్.