ఓడ ఆగిన చోటే కూలి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో తాళ్లరేవు దగ్గరుంది కోరంగి. ఇప్పుడు ఇక్కడికొచ్చేవాళ్లు మడ అడవులు చూడ్డానికే వస్తారు. రెండు వందల ఏళ్ల కిందట మాత్రం ఇది ఓడలు కట్టే రేవు. వడ్రంగికీ, కమ్మరికీ, కలాసీకీ ఊళ్లోనే చేతినిండా పని.

1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊరిని ముంచేసింది. ఉప్పెన తర్వాతైనా మనుషులు మళ్లీ ఇళ్లు కట్టుకోగలరు. ఒండ్రును ఆపడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. గోదావరి పాయ మొగ పూడిపోయి పెద్ద ఓడలు రావడం మానేశాయి. అదే గోదావరి ఇసుక సముద్రంలో మేటవేసి హోప్ ఐలాండ్ అయింది, కాకినాడ రేవుకు అలలు తగలకుండా అడ్డు నిలిచింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా ధాన్యం కాలువల మీద పడవల్లో కాకినాడ చేరసాగింది. వర్తకులు, గిడ్డంగులు, బస్తాలెత్తే జట్లు అన్నీ అక్కడే. కోరంగివాళ్ల పనితనం ఏమీ తగ్గలేదు, సరుకు దారి మళ్లిందంతే.

సరిగ్గా ఆ ఏడే ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాను పట్టుకున్నారు. ఐరావతి డెల్టాలో బీడు భూమి విస్తారం, మనుషులు తక్కువ. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్‌లో బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. కోతలకూ, మిల్లులకూ, రంగూన్ రేవుకూ కూలీలు కావాలి. ఇక్కడేమో విశాఖ, గంజాం మెట్ట ఊళ్లలో వాన తప్పితే పని లేదు. కాకినాడలో, విశాఖలో, భీమిలిలో ఓడెక్కినవాళ్లందరినీ, ఏ ఊరివాళ్లయినా, బర్మాలో కోరంగీలనే పిలిచారు.

అక్కడ కూలి ఎక్కువే, కానీ అంతా చేతికి రాలేదు. ఓడ ఛార్జీ అప్పుగా పెట్టిన మేస్త్రీ, దాన్ని కూలిలోంచి విరగ్గోసుకునేవాడు. సముద్రం దాటించిన ఖర్చు బియ్యపు వర్తకుడిది కావాలి, మోసింది మాత్రం కూలీ. 1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావాళ్లను పనిలో పెట్టుకుని, సమ్మె తేలగానే పంపేశారు. పని పోయిన బర్మావాళ్ల కోపం యజమానుల మీదికి కాక తెలుగు కూలీల మీదికి మళ్లి, ఊచకోతగా మారింది. 1942లో జపాన్ సైన్యం వచ్చాక చాలామంది కొండలూ అడవులూ దాటి నడిచి తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్లూ ఎందరో.

కాకినాడలో లోతునీటి రేవు 1997లో మొదలైంది. తాళ్లరేవు ఏటిగట్టున ఇప్పటికీ చెక్క పడవలు కడుతున్నారు, ఎక్కువగా చేపల వేటకు. ఇక్కడి వడ్రంగి కూలి ఇప్పుడు కాకినాడ చేపల గిరాకీని బట్టి నడుస్తోంది.