స్టెరాయిడ్లు వాడే మధుమేహులు: పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు

2021 మే నెలలో, కోవిడ్ రెండో దశ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, గుజరాత్‌లోని సూరత్ నగరం మరో కారణంతో వార్తల్లోకి వచ్చింది. కోవిడ్ నుంచి కోలుకున్న కొందరికి ముక్కు, కన్ను, దవడ భాగాల్లో మ్యూకర్‌మైకోసిస్ అనే శిలీంధ్ర వ్యాధి సోకింది. జనం దీనిని బ్లాక్ ఫంగస్ అని పిలిచారు. నగరంలోని కిరణ్ ఆసుపత్రిలోనే 50 మంది చికిత్స పొందుతున్నారనీ, ఏడుగురు చూపు కోల్పోయారనీ ఆ నెల 8న ఆసుపత్రి ఛైర్మన్ వెల్లడించారు. కొద్ది రోజుల్లోనే ఈ వ్యాధి దేశమంతటా కనిపించింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద దీనిని ప్రకటిత వ్యాధిగా చేర్చగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చికిత్సను ఆరోగ్యశ్రీ పరిధిలోకి తెచ్చింది.

బాధితుల్లో అత్యధికుల విషయంలో రెండు అంశాలు ఉమ్మడిగా కనిపించాయి. ఒకటి మధుమేహం, రెండు స్టెరాయిడ్ మందులు. ఈ రెండూ కలిసినప్పుడు రక్తంలో చక్కెర ఎందుకు పెరుగుతుందో, దానిని ఎలా అదుపు చేయాలో తెలుసుకోవడం నేటికీ అవసరమే. ఉబ్బసం, కీళ్లవాతం, లూపస్, మూత్రపిండాల వ్యాధులు, కొన్ని చర్మ, నేత్ర వ్యాధుల చికిత్సలో స్టెరాయిడ్లను నిత్యం వాడుతూనే ఉన్నారు.

మందు దోషి కాదు

స్టెరాయిడ్లు ప్రాణరక్షక ఔషధాలు. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను గరిష్ఠంగా పది రోజులు ఇస్తే, వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగుల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన తేల్చింది. అయితే ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దానివల్ల మేలు జరగలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. కాబట్టి అవసరమైనవారికి, తగిన మోతాదులో, తగినన్ని రోజులే ఇవ్వాలి. వైద్యుని సలహా లేకుండా సొంతంగా వాడటం ప్రమాదకరం.

చక్కెర ఎందుకు పెరుగుతుంది?

స్టెరాయిడ్ ప్రభావంతో కాలేయం మరింత గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. కండరాలు, కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. క్లోమం కూడా తగినంత ఇన్సులిన్‌ను విడుదల చేయలేకపోతుంది. ఫలితంగా అప్పటివరకు అదుపులో ఉన్న మధుమేహం కట్టు తప్పుతుంది. మధుమేహం లేనివారిలోనూ చక్కెర పెరగవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం వేళ. ఉదయం అల్పాహారంతో ప్రెడ్నిసొలోన్ మాత్ర వేసుకుంటే, చక్కెర మధ్యాహ్నం నుంచి పెరుగుతూ సాయంత్రానికి బాగా ఎక్కువవుతుంది. రాత్రి గడిచేసరికి మందు ప్రభావం తగ్గి, మరునాటి ఉదయం పరగడుపున చక్కెర మామూలుగానే ఉండవచ్చు. పరగడుపు పరీక్ష మాత్రమే చేయించుకునేవారు ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండిపోతారు. డెక్సామెథసోన్ తీరు వేరు. దాని ప్రభావం ఒకటిన్నర రోజు వరకు నిలుస్తుంది కాబట్టి రోజంతా చక్కెర ఎక్కువగా ఉండవచ్చు.

సూరత్ మరమగ్గాల్లో తెలుగువారితో సహా అనేకమంది కార్మికులు రోజుకు పన్నెండు గంటల షిఫ్టుల్లో పనిచేస్తారు. చక్కెర పెరిగే మధ్యాహ్న, సాయంత్ర వేళల్లో పగటి షిఫ్టు కార్మికుడు మగ్గం దగ్గరే ఉంటాడు. అటువంటివారు గ్లూకోమీటరును పనిచోటికి తీసుకువెళ్లడం, లేదా షిఫ్టు ముగిశాక రాత్రి భోజనానికి ముందు పరీక్షించుకోవడం మంచిది. రాత్రి షిఫ్టువారు మాత్ర వేసుకోవలసిన వేళను వైద్యుణ్ణి ముందే అడగాలి.

ఏం చేయాలి?

స్టెరాయిడ్ రాసే వైద్యునికి మీకు మధుమేహం ఉందనీ, ఏయే మందులు వాడుతున్నారనీ ముందే చెప్పండి. మధుమేహం ఉన్నవారు స్టెరాయిడ్ వాడే రోజుల్లో సాధారణంగా రోజుకు నాలుగుసార్లు, అంటే మూడు పూటలా భోజనానికి ముందు, పడుకోబోయే ముందు పరీక్షించుకోవాలి. అన్నిసార్లు వీలుకాకపోతే రాత్రి భోజనానికి ముందు చేసే పరీక్షను మాత్రం మానవద్దు. ఫలితాన్ని తేదీ, వేళతో సహా పుస్తకంలో రాసుకోండి. చాలామందికి డెసిలీటరుకు 108 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడం లక్ష్యం. వృద్ధులకు ఈ లక్ష్యాన్ని వైద్యులు సడలించవచ్చు. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొద్ది రోజుల పెరుగుదలను పట్టి చూపదు.

చక్కెర వరుసగా 200 దాటుతుంటే వైద్యుణ్ణి సంప్రదించండి. మాత్రల మోతాదు మార్చడమో, కొంతకాలం ఇన్సులిన్ ఇవ్వడమో అవసరం కావచ్చు. ఇన్సులిన్ మొదలుపెట్టినంత మాత్రాన అది జీవితాంతం తప్పదని భయపడనవసరం లేదు. ఇప్పటికే ఇన్సులిన్ వాడే టైప్ 1 రోగులు మాత్రం దానిని ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు.

స్టెరాయిడ్లు ఆకలిని పెంచుతాయి. మధ్యాహ్నం, రాత్రి అన్నం లేదా రొట్టె కొలత తగ్గించి పప్పు, కూరగాయలు, గుడ్డు, మజ్జిగ పెంచుకోవాలి. తీపి టీ, శీతల పానీయాలు, చెరకు రసం మానాలి.

మందు తగ్గించేటప్పుడు

స్టెరాయిడ్ మోతాదు తగ్గుతున్నకొద్దీ చక్కెర కూడా దిగివస్తుంది. అప్పుడు ఇన్సులిన్, మాత్రలు పాత మోతాదులోనే కొనసాగితే చక్కెర 70 కంటే పడిపోవచ్చు. వణుకు, చెమటలు, తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. అందువల్ల రెండు మందులనూ వైద్యుని పర్యవేక్షణలో కలిపి సర్దుబాటు చేయాలి. చక్కెర పెరిగిందన్న భయంతో స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం మరో ప్రమాదం. మూడు వారాలకు మించి వాడినవారిలో శరీరం సొంతంగా కార్టిసాల్ తయారుచేసుకోవడం మందగిస్తుంది. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

తీవ్రమైన దాహం, పదే పదే మూత్రం, వాంతులు, మగత, ఆయాసం, 300 దాటిన చక్కెర కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖంలో ఒకవైపు నొప్పి లేదా వాపు, ముక్కు నుంచి నల్లని స్రావం, కంటి వాపు, చూపు రెండుగా కనిపించడం మ్యూకర్‌మైకోసిస్ సూచనలు కావచ్చు. దీనికి ఆంఫోటెరిసిన్ బి వంటి మందులు, శస్త్రచికిత్స ఉన్నాయి. అవి ఎంత త్వరగా అందితే కన్ను, ప్రాణం దక్కే అవకాశం అంత ఎక్కువ.