ఈటీహెచ్0 ఏమైపోయింది?

ఒకప్పుడు లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డంటే ఈటీహెచ్0. రెండోది పెడితే ఈటీహెచ్1. బూటయ్యేటప్పుడు కెర్నల్‌కు ఏది ముందు కనబడితే దానికే సున్నా, జనరల్ బోగీలో ముందెక్కినవాడిదే కిటికీ సీటన్నట్టు. ఒక్క కార్డే ఉంటే పేచీ లేదు. రెండున్న సర్వర్‌లో రీబూట్ తర్వాత పేర్లు తారుమారైతే మాత్రం, బయటి నెట్ కోసం రాసిన ఫైర్‌వాల్ రూల్స్ పోయి లోపలి కార్డుకు పడేవి.

దీనికి యూడెవ్ ఒక విరుగుడు కనిపెట్టింది. కార్డు మొదటిసారి కనబడగానే దాని మ్యాక్ అడ్రస్‌నూ పేరునూ ‘70-పర్సిస్టెంట్-నెట్.రూల్స్’ అనే ఫైల్లో రాసుకునేది. ఇక ఎన్ని రీబూట్లయినా ఆ కార్డుకు ఆ పేరే. వర్చువల్ మిషన్ల వాడకం పెరిగేదాకా బాగానే నడిచింది. మిషన్‌ను క్లోన్ చేస్తే కొత్తదానికి కొత్త మ్యాక్ అడ్రస్ వస్తుంది, డిస్క్‌తోపాటు పాత ఫైలూ వచ్చేస్తుంది. అందులో ఈటీహెచ్0 పాత అడ్రస్ పేరిట ఉంది కనుక కొత్త కార్డు ఈటీహెచ్1 అవుతుంది. ఐపీ సెట్టింగులేమో ఈటీహెచ్0 మీదున్నాయి. ఇక నెట్ ఎక్కడిది! క్లోన్ తీసేముందు ఆ ఫైల్ చెరిపేయడం అడ్మిన్లకు అలవాటైపోయింది.

2011లో ఫెడోరా 15, డెల్ వారి బయోస్‌డెవ్‌నేమ్‌తో వేరే దారి తొక్కింది. 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 ఆ దారినే అందరికీ పరిచింది. కార్డు ఏదని కాదు, ఎక్కడుందన్నదే లెక్క. పీసీఐ బస్ 3, స్లాట్ 0 అయితే ఈఎన్‌పీ3ఎస్0. ఏ ఫైల్లోనూ రాసుకోనక్కర్లేదు. నోరు తిరగని పేరే, కానీ ఆలోచన సరైనది.

అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చిన మిషన్లలో మాత్రం పాత ఫైల్ అలాగే కూర్చుంది. 2019లో వచ్చిన డెబియన్ 10 దానికిక మద్దతు లేదని తేల్చేసింది. మార్చడం పెద్ద పనేం కాదు. కొత్త పేరేమిటో యూడెవ్‌అడ్మ్‌తో ముందే తెలుసుకోవాలి. ఈటీసీ డైరెక్టరీ మొత్తం గ్రెప్ చేసి ఈటీహెచ్0 ఉన్నచోటల్లా ఆ కొత్త పేరు రాయాలి. రూల్స్ ఫైల్ పక్కకు తీశాక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి, లోపల పాత కాపీ ఉండిపోవచ్చు. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. ఆపైన రీబూట్.

సర్వర్ ఎక్కడో దూరాన ఉంటే ఒక్క ఎస్ఎస్‌హెచ్‌ను నమ్ముకుని ఈ పని మొదలుపెట్టకండి. కన్సోల్ అందుబాటులో ఉందో లేదో ముందు చూసుకోండి.