అరవై సెకన్ల పద్యం

మొన్న గాజువాకలో ఇంటికెళ్ళినప్పుడు పాత హార్డ్ డిస్క్ తిరగేస్తుంటే తాతయ్య గొంతు దొరికింది. పోర్టులో ఉద్యోగం, నాటకాల పిచ్చి ఆయనకి. 2007లో నేను రికార్డ్ చేసిన పద్యం అది. చివరి పాదం ఎత్తుకుని రాగం తీస్తుండగా ఠక్కున ఆగిపోయింది. ఫైల్ నిడివి సరిగ్గా అరవై సెకన్లు!

ఎక్స్‌పీ వాడినవాళ్ళకి ఈపాటికి వెలిగే ఉంటుంది. సౌండ్ రికార్డర్.. ఆకుపచ్చ గీత, కింద ఐదు బటన్లు. మళ్ళీ రికార్డ్ నొక్కితే ఇంకో నిమిషం ఇచ్చేది. కానీ రాగంలో ఉన్న మనిషిని "ఉండు తాతయ్యా, బటన్ నొక్కాలి" అని ఆపగలమా? ఖాళీ నిమిషాన్ని ముందే రికార్డ్ చేసి, దాన్నే నాలుగైదు సార్లు ఇన్సర్ట్ చేసి, మొదటికొచ్చి దానిమీద పాడించుకోవచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అసలు ఆ ప్రోగ్రాం 1992 నాటి విండోస్ 3.1 కాలంది. శబ్దమంతా మెమరీలోనే పెట్టుకునేది. సీడీ నాణ్యతలో సెకనుకి 1,76,400 బైట్లు, అంటే నిమిషానికి కోటి పైమాటే. 4 ఎంబీ ర్యామ్ ఉంటే గొప్ప అనుకునే రోజుల్లో అంతకన్నా ఏమడుగుతాం?

మన పద్యానికి ఈ కత్తిరింపు కొత్తేం కాదు లెండి. 78 ఆర్పీఎం గ్రామఫోన్ ప్లేటు ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. స్టేజీ మీద వన్స్ మోర్లతో సాగే పద్యాన్ని అందులో కుక్కాల్సి వచ్చేది. నాటకమైతే ప్లేట్ల సెట్టే. 1963లో విశాఖలో ఆకాశవాణి మొదలయ్యే నాటికి టేపు వచ్చేసింది, ఏడంగుళాల రీలు మీద అరగంట హాయిగా పాడుకోవచ్చు.

విస్టాలో నిమిషం గొడవ పోయింది, కానీ వేవ్ బదులు డబ్ల్యూఎంఏ తగిలించారు. కూల్ ఎడిట్‌ని 2003లో అడోబీ కొనేసి ఆడిషన్ చేసింది. ఉచితంగా దొరికేది మాత్రం ఆడాసిటీ. కార్నెగీ మెలన్‌లో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టి 2000 మే నెలలో విడుదల చేసారు. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా డిస్కు మీద రాస్తుంది కాబట్టి డిస్కు నిండేదాకా పాడొచ్చు. అంటే నేను తాతయ్యని కూర్చోబెట్టే నాటికి అది వచ్చి ఏడేళ్ళు! తప్పు నాదే.

తాతయ్య ఇప్పుడు లేడు. నిన్న అమ్మ చేత ఆ చివరి పాదం పాడించి, ఆడాసిటీలో కింద ట్రాక్‌గా అతికించాను. శ్రుతి కలవలేదు. పిచ్ మార్చే ఎఫెక్ట్ ఉంది గానీ ఎందుకో వాడబుద్ధి కాలేదు.