సీటుబెల్టు, హెడ్‌రెస్ట్, కూర్చునే తీరు: కారులో పెద్దల రక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కారు ప్రమాదంలో ప్రయాణికుని ప్రాణాన్ని కాపాడేవి ప్రధానంగా మూడు: సీటుబెల్టు, హెడ్‌రెస్ట్, కూర్చునే తీరు. ఈ మూడూ ఒకే రక్షణ వ్యవస్థలో భాగాలు. అయినా చరిత్రలో వీటికి సమానమైన స్థానం దక్కలేదు. బెల్టుకు చట్టం వచ్చింది, హెడ్‌రెస్ట్‌కు తయారీ ప్రమాణం వచ్చింది, కూర్చునే తీరు మాత్రం సలహాగానే మిగిలిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు పరిశోధనల నుంచి నేటి భారతీయ నిబంధనల వరకు ఈ అసమానత ఎలా ఏర్పడిందో, దాని ఫలితమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సీటుబెల్టు, హెడ్‌రెస్ట్, కూర్చునే తీరు, నీల్స్ బోలిన్, రహదారి భద్రత, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం:
కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 16,715 మంది సీటుబెల్టు ధరించనివారు. ఈ 16,715 మందిలో 8,384 మంది వాహనం నడిపినవారు కాగా, 8,331 మంది ప్రయాణికులు. అంటే దాదాపు సగం మంది స్టీరింగ్ పట్టనివారే.

ఈ లెక్క వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: బెల్టు పెట్టుకున్నారా, లేదా? పెట్టుకున్న బెల్టు తుంటి ఎముకల మీద ఉందా, కడుపు మీద ఉందా? తల వెనుక హెడ్‌రెస్ట్ ఏ ఎత్తులో ఉంది? సీటు వీపు ఎంత వాలి ఉంది? ఈ ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు. 'సీటుబెల్టు పెట్టుకోవడం' అనే మన వాడుకలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకున్నట్లు, టోపీ పెట్టుకున్నట్లు అది ఒక్క క్షణంలో ముగిసిపోయే పని. కూర్చోవడం ప్రయాణం పొడవునా సాగే పని. బెల్టును రూపొందించినవారి దృష్టిలో ఈ రెండూ వేరు కావు. అవి ఎప్పుడు, ఎలా వేరయ్యాయన్నది చరిత్రలో వెతకవలసిన విషయం.

2. దేహం పరిశోధనాంశమైన కాలం:
కారు ప్రమాదాల చర్చ చాలాకాలం నడిపేవాని తప్పు చుట్టూనే తిరిగింది. ప్రమాదం జరిగాక దేహానికి ఏమవుతుందన్న ప్రశ్న విమానరంగం నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కెనడాలో విమానశిక్షణ పొందుతున్న హ్యూ డిహేవన్ 1917లో విమాన ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు. తన కడుపులోని గాయాలకు బెల్టుకున్న లోహపు కట్టే కారణమని ఆయన భావించారు. రక్షణ కోసం కట్టిన వస్తువే సరైన రూపంలో లేకపోతే గాయం చేస్తుందన్న గ్రహింపు ఆయన పరిశోధనకు పునాది అయింది. 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి బతికినవారిని పరిశీలించి ఆయన 1942లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. ఆఘాతం దేహంపై ఎంత విశాలంగా పరచుకుంటే, ఆగడానికి ఎంత ఎక్కువ దూరం, సమయం దొరికితే, మనిషి అంతగా తట్టుకోగలడన్నది ఆయన చూపిన సూత్రం.

ఈ సూత్రాన్ని అమెరికా వైమానికదళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్ తన దేహంమీదే పరీక్షించుకున్నారు. 1954 డిసెంబర్ 10న న్యూమెక్సికోలోని హాలోమన్ స్థావరంలో రాకెట్ బండిపై గంటకు 632 మైళ్ల వేగంతో ప్రయాణించి, 1.4 సెకన్లలో ఆగారు. ఆ క్షణంలో ఆయన దేహంపై పడిన బలం గురుత్వాకర్షణకు 46 రెట్లు. పట్టీలతో సీటుకు గట్టిగా బిగించి ఉండడం వల్ల ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. విమాన ప్రమాదాలలోకంటే కారు ప్రమాదాలలోనే వైమానికదళం ఎక్కువమందిని కోల్పోతోందని గుర్తించిన స్టాప్, 1955 నుంచి కారు ప్రమాదాలపై పరిశోధక సదస్సులకు నాంది పలికారు. దేహం బలహీనమైనదన్న నమ్మకం స్థానంలో, దేహాన్ని సీటుకు సరిగా కలపకపోవడమే సమస్య అన్న అవగాహన ఈ దశలో స్థిరపడింది.

3. మూడు బిందువుల బెల్టు:
తొలినాటి కార్లలో కనిపించిన బెల్టు నడుముకు మాత్రమే పరిమితం. 1949లో అమెరికాలో నాష్ సంస్థ, 1956లో ఫోర్డ్ సంస్థ అటువంటి బెల్టులను కోరినవారికి అందించాయి. నడుము నిలిచినా ఛాతీ, తల ముందుకు విసురుగా వంగేవి. అదే సమయంలో స్వీడన్‌లో ఛాతీకి అడ్డంగా ఏటవాలుగా ఉండే పట్టీలపై ప్రయోగాలు జరిగాయి. వాటిలో ఛాతీ నిలిచినా నడుము కిందుగా జారే ప్రమాదం ఉండేది.

సాబ్ సంస్థలో విమానాల ఎజెక్షన్ సీట్లపై పనిచేసిన నీల్స్ బోలిన్ 1958లో వోల్వోలో చేరారు. నడుము పట్టీని, ఛాతీ పట్టీని ఒకే బెల్టుగా కలిపి, సీటు పక్కన దిగువన ఒకేచోట తగిలించే అమరికను ఆయన రూపొందించారు. ఒక్క చేతితో క్షణంలో పెట్టుకోగలగడం దీని ప్రత్యేకత. ఈ బెల్టు అమర్చిన తొలి కారు 1959 ఆగస్టు 13న స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో ఒక విక్రేతకు చేరింది. 1962లో అమెరికా పేటెంటు లభించింది. ఇతర తయారీదారులు కూడా వాడుకునేందుకు వోల్వో దానిని అందుబాటులో ఉంచింది. 1967లో బోలిన్ 28,000 ప్రమాదాల విశ్లేషణను వెల్లడించారు. బెల్టు లేనివారు అన్ని వేగాలలోనూ మరణించగా, బెల్టు ఉన్నవారిలో గంటకు 60 మైళ్లలోపు వేగంలో ఒక్క మరణమూ నమోదు కాలేదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి నేలపై పడడంతో సమానం. ఆ బలాన్ని చేతులతో ఆపుకోవడం అసాధ్యం. బోలిన్ బెల్టు దానిని దేహంలో అత్యంత దృఢమైన భాగాలకు, అంటే తుంటి ఎముకలకు, ఛాతీ గూటికి పంచుతుంది. ఈ అమరిక పనిచేయాలంటే ప్రయాణికుడు సీటులో నిటారుగా, వీపు ఆనించి కూర్చోవాలి. ఈ షరతు బెల్టు నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

4. బెల్టు ఉండీ గాయపడడం:
ఆ షరతు తప్పితే ఏమవుతుందో వైద్యులు త్వరలోనే గమనించారు. గారెట్, బ్రౌన్‌స్టీన్ అనే పరిశోధకులు 1962లో 'సీటుబెల్టు సిండ్రోమ్' అనే పేరుతో, బెల్టు వల్ల కడుపులోని అవయవాలకు, వెన్నెముకకు కలిగే గాయాలను వివరించారు. నడుము పట్టీ తుంటి ఎముకలను వదిలి మెత్తని పొట్టమీదికి జరిగినప్పుడు ఈ గాయాలు ఏర్పడతాయి. సీటును బాగా వెనక్కు వాల్చి పడుకున్నట్లు కూర్చున్నవారు ఢీకొన్న క్షణంలో బెల్టు కిందుగా ముందుకు జారిపోతారు. అప్పుడు ఛాతీ పట్టీ ఛాతీని తాకనైనా తాకదు, నడుము పట్టీ పొట్టను నొక్కుతుంది.

కాబట్టి సరైన పద్ధతి ఇది: నడుము పట్టీ పొట్టకు దిగువన, తుంటి ఎముకలను ఆనుకొని, వదులు లేకుండా ఉండాలి. పై పట్టీ మెడకూ భుజం అంచుకూ నడుమ, ఛాతీ మధ్యగా సాగాలి. దానిని చంక కిందినుంచి తీసుకోరాదు, వీపు వెనక్కు నెట్టరాదు. గర్భిణులకు నడుము పట్టీ కడుపు కిందుగా రావాలి.

5. హెడ్‌రెస్ట్ - పేరు కలిగించిన భ్రమ:
వెనుకనుంచి మరో వాహనం ఢీకొన్నప్పుడు సీటు వీపును ముందుకు నెడుతుంది. తల మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. ఆ తేడా అంతా మెడ భరించాలి. కొరడా విదిలింపును పోలిన ఈ గాయాన్నే వైద్యభాషలో విప్‌లాష్ అంటారు. దీనిని అరికట్టేందుకు అమెరికా ప్రభుత్వం 1969 జనవరి 1 నుంచి కొత్త కార్ల ముందుసీట్లకు తల వెనుక ఆధారాన్ని తప్పనిసరి చేసింది. ఆ ప్రమాణం దానిని తలను నిలువరించే సాధనంగా పేర్కొంది. జనవ్యవహారంలో మాత్రం 'హెడ్‌రెస్ట్', అంటే తల వాల్చి విశ్రమించే దిండు అనే పేరే స్థిరపడింది. తెలుగులోనూ ఈ రెండో పేరే వాడుకలోకి వచ్చింది. విశ్రాంతి దిండును ఎవరి ఇష్టప్రకారం వారు పెట్టుకుంటారు. రక్షణ సాధనానికి ఒక నిర్దిష్ట స్థానం ఉంటుంది.

ఈ తేడా ఎంత విలువైనదో అమెరికా రహదారి భద్రతా సంస్థ 1982లో వెలువరించిన మదింపు తెలియజేస్తుంది. సీటుతో కలిసిపోయిన స్థిరమైన ఆధారాలు వెనుకనుంచి ఢీకొన్న ప్రమాదాలలో గాయాల అవకాశాన్ని 17 శాతం తగ్గించగా, ఎత్తు మార్చుకోదగినవి 10 శాతమే తగ్గించాయి. మార్చుకునే వీలున్నదే తక్కువ రక్షణనిచ్చింది. కారణం, అత్యధికులు దానిని అట్టడుగు స్థానంలోనే వదిలేయడం. సాబ్ 1997లో, వోల్వో 1998లో ప్రవేశపెట్టిన ప్రత్యేక సీట్లు ఈ లోపాన్ని యంత్రం ద్వారా సరిదిద్దే ప్రయత్నాలు.

హెడ్‌రెస్ట్ పై అంచు తల పై అంచుతో సమానంగా ఉండాలి. తలకూ దానికీ మధ్య ఎడం ఎంత తక్కువగా ఉంటే అంత మేలు. పరీక్షా సంస్థలు 7 సెంటీమీటర్లకు మించని ఎడాన్ని ఉత్తమంగా పరిగణించాయి. పొట్టిగా కిందికి దించి ఉంచిన హెడ్‌రెస్ట్ మెడ వెనుక ఇరుసులా పనిచేసి తల వెనక్కు వాలడానికి తోడ్పడుతుంది.

6. ఎవరి దేహం కొలతగా?
ఈ ప్రమాణాలు రూపొందిన ప్రయోగశాలల్లో కూర్చున్నది ప్రధానంగా సగటు పురుషుని బొమ్మ. 1976లో తయారైన హైబ్రిడ్-3 పరీక్షాబొమ్మ సుమారు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు గల పురుషునికి ప్రతిరూపం. 2011లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం బెల్టు ధరించిన మహిళా డ్రైవర్లకు తీవ్రగాయాలయ్యే అవకాశం బెల్టు ధరించిన పురుషులకంటే 47 శాతం ఎక్కువ. వెనుకనుంచి ఢీకొనే ప్రమాదాలను పరీక్షించేందుకు సగటు స్త్రీ దేహానికి ప్రతిరూపమైన బొమ్మను ఆస్ట్రిడ్ లిండర్ నాయకత్వంలోని స్వీడిష్ బృందం 2022లో వెలుగులోకి తెచ్చింది.

ఎయిర్‌బ్యాగ్ రాకతో దేహపు కొలత మరింత కీలకమైంది. పెడళ్లు అందుకోవడానికి సీటును బాగా ముందుకు జరుపుకునే పొట్టివారిని వేగంగా విచ్చుకునే సంచీయే గాయపరచిన ఉదంతాలు 1990లలో అమెరికాలో నమోదయ్యాయి. రొమ్ము ఎముకకూ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలన్న సూచన ఆ అనుభవం నుంచే వచ్చింది.

7. చట్టం నడిచిన దారి:
బెల్టు ధరించడాన్ని తప్పనిసరి చేసిన తొలి ప్రభుత్వం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానిది. 1970 డిసెంబర్‌లో ఆ చట్టం అమలులోకి వచ్చింది. అమెరికా మరో దారి పట్టింది. బెల్టు పెట్టుకోనిదే ఇంజను మొదలుకాని ఏర్పాటు 1974 నమూనా కార్లలో వచ్చింది. ప్రజాగ్రహం వల్ల ఆ ఏడాదే అక్కడి కాంగ్రెస్ దానిని రద్దు చేసింది.

చట్టాల తేదీలను పోల్చితే ఒక విషయం స్పష్టమవుతుంది. స్వీడన్‌లో ముందుసీటువారికి 1975లో, వెనుకసీటువారికి 1986లో బెల్టు తప్పనిసరైంది. బ్రిటన్‌లో ముందుసీటుకు 1983లో, వెనుకసీటులోని పెద్దలకు 1991లో. వెనుకసీటు సురక్షితమన్న నమ్మకం చట్టసభలను సైతం ఇన్నేళ్లు నిలిపివేసింది. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన జపాన్ పరిశోధన ఈ నమ్మకాన్ని బలంగా ఖండించింది. వెనుక బెల్టు లేనివారు ఉన్నప్పుడు ముందు బెల్టు పెట్టుకున్నవారి మరణ ప్రమాదం దాదాపు 5 రెట్లు పెరుగుతుంది. వెనుకనున్న దేహమే ముందుసీటును ఢీకొంటుంది.

భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ముందుసీటువారితోపాటు, ముందువైపు చూసే వెనుకసీట్లవారు కూడా బెల్టు ధరించాలని నిర్దేశిస్తున్నాయి. 2019లో సవరించిన చట్టంలోని 194బి సెక్షన్ ఉల్లంఘనకు 1,000 రూపాయల జరిమానా విధించింది. ఆ ఏడాది జూలై నుంచి ముందుసీట్లకు హెచ్చరిక మోత తప్పనిసరైంది. అయినా వెనుకసీటు నియమం దేశవ్యాప్త చర్చకు రావడానికి 2022 సెప్టెంబర్ 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ వద్ద మరణించవలసి వచ్చింది. వెనుకసీటులో ఉన్న ఇద్దరూ బెల్టు ధరించలేదని పోలీసులు తెలిపారు. మోతను ఆపడానికి బెల్టు స్థానంలో గుచ్చే చిన్న లోహపు ముక్కలు బహిరంగంగా అమ్ముడవుతున్న సంగతీ అప్పుడే చర్చకు వచ్చింది. వాటి అమ్మకాలను తొలగించాలని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆన్‌లైన్ విక్రయసంస్థలను ఆదేశించింది. 1974లో అమెరికన్లు చట్టసభ ద్వారా సాధించుకున్నదాన్ని ఇక్కడ కొద్ది రూపాయల లోహపు ముక్క సాధించింది.

8. మన అలవాట్లు - అన్వయం:
తెలుగునాట కారు చాలాకాలంగా కుటుంబ వాహనం. పండుగకో పెళ్లికో బయలుదేరిన కారులో వెనుకసీటు ఇంటి అరుగును తలపిస్తుంది. బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, పక్కవారి భుజంపై ఒరిగి నిద్రపోవడం, ముందుసీటును పూర్తిగా వాల్చి కాళ్లు డ్యాష్‌బోర్డుపై చాపడం సాధారణ దృశ్యాలు. వెనుకసీటు బెల్టు తగిలించే భాగం కొన్ని కార్లలో సీటు కవరు కిందే దాగి ఉంటుంది. మెడ వెనుక పెట్టుకునే మెత్తని దిండ్లు, కొప్పు, పెద్ద క్లిప్పు తలను హెడ్‌రెస్ట్ నుంచి దూరం చేస్తాయి. ఆదరంగా పెద్దవారిని వెనుక కూర్చోబెట్టే మర్యాద వారిని బెల్టు లేని చోట కూర్చోబెట్టడంగా మారకూడదు. ఈ అలవాట్లలో దేనికీ జరిమానా లేదు, దేనినీ మోత హెచ్చరించదు. అందువల్ల ఇవి మారాలంటే తెలియజెప్పడమే మార్గం. డ్రైవింగ్ శిక్షణలో గేర్లు మార్చడంతో సమానంగా సీటు సర్దుకోవడం కూడా పాఠం కావాలి. ముందు సీటు, తరువాత హెడ్‌రెస్ట్, ఆ తరువాతే బెల్టు అన్న వరుసను తొలిరోజునే నేర్పాలి.

9. ముగింపు:
డిహేవన్, స్టాప్, బోలిన్‌ల కృషి దేహాన్ని సీటుతో ఏకం చేయడంపై నిలిచింది. ఆ కృషి నుంచి చట్టం కంటికి కనిపించే అంశాన్ని, అంటే బెల్టును మాత్రమే స్వీకరించింది. పోలీసు అద్దంలోనుంచి చూసి చెప్పగలిగినది అదొక్కటే కనుక ఇది సహజమే. అయితే హెడ్‌రెస్ట్ ఎత్తును, సీటు వాలును, పట్టీ తుంటిపై ఉందో పొట్టపై ఉందో చూడగలిగినవాడు ప్రయాణికుడొక్కడే. చట్టం వదిలిన ఈ భాగం ప్రజాజ్ఞానంగా మారితే తప్ప మూడు బిందువుల బెల్టు తన పూర్తి ఫలితాన్ని ఇవ్వదు. ప్రమాద నివేదికలు బెల్టు ఉందా లేదా అన్న ప్రశ్నతో ఆగకుండా, ఎలా ఉందన్న ప్రశ్నను కూడా చేర్చుకోవలసిన అవసరం ఉంది. ఏటా వేల ప్రాణాలకు సంబంధించిన విషయంలో ఆ సమాచారం భావి పరిశోధనకు ప్రాథమిక ఆకరం కాగలదు.