దిక్కులేని కుక్కలకు కొలువు

1860లో మేరీ టీల్బీ అను స్త్రీ లండనులోని హాలోవేలో, దారితప్పి ఆకలిగొన్న కుక్కలకు ఒక శరణాలయము స్థాపించెను. కుక్కలకు సత్రమా యని పత్రికలలో ఎగతాళి చేసిరి. అయినను అది నిలిచి, 1871లో బాటర్సీకి మారెను. యజమాని రాక, క్రొత్త ఇల్లును దొరకనిచో పెక్కు కుక్కలకు మరణమే గతి. ఒడలు పెద్దదై, ఊరక కూర్చుండలేక, క్రొత్తవారిపై మొఱుగు కుక్కను చిన్న ఇంటివారు తీసికొనుటకు జంకుట సహజమే గదా!

అట్టి కుక్కలకు 1917లో పని దొరకెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఫిరంగి గుండ్లకు టెలిఫోను తీగలు తెగిపోవుచుండెను. వార్త కొనిపోవు సిపాయిలు దారిలోనే కూలుచుండిరి. బ్రిటిషు సైన్యము షూబరీనెస్ వద్ద కుక్కలకు శిక్షణాలయము పెట్టగా, దాని అధిపతి ఎడ్విన్ రిచర్డుసన్ మొదట బాటర్సీ కుక్కలనే తెప్పించెను. టెరియరులలో కెల్ల పెద్దదగు ఏర్‌డేల్ జాతి ఆయనకు మిక్కిలి ఇష్టము.

శిక్షణ విధానము సులభమైనది. కుక్కను సాకు సిపాయి ఒకచోట నిలుచును. ఇతరులు దానిని దూరముగా కొనిపోయి, మెడపట్టీకి వార్తగల రేకుగొట్టము కట్టి విడుతురు. అది తనవాని కొఱకు పరుగెత్తి వచ్చును. రాగానే బుజ్జగింపు, తిండి. తప్పినచో కొట్టరు, మరల నేర్పుదురు. దగ్గరలోనే ఫిరంగులు మ్రోగుచుండుటచే ఆ చప్పుడును అలవాటయ్యెను. ఇంటిని కాచు కుక్క తనవారిని అంటిపెట్టుకొని యుండును. ఇచ్చట ఆ మమకారమే దానిని పరుగెత్తించెను.

శరణాలయముల కుక్కలు చాలకపోగా, తుదకు ప్రజలు తమ పెంపుడు కుక్కలనే పంపిరి.